'ఏ లెవెల్' (A Level)లో ఫిల్మ్ స్టడీస్ తీసుకోనివ్వచ్చా? ఆ సబ్జెక్టు చెప్పేదాన్నిగా నా సమాధానం

ప్రశ్న అడిగినాయన ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటారట. బాబు ఇయర్ 11 (మన పదో తరగతి లాంటిది), సెప్టెంబరులో సిక్స్త్ ఫారంలో చేరాలి, మ్యాథ్స్, ఎకనామిక్స్ ఖాయం అయిపోయాయి, మూడోది ఫిల్మ్ స్టడీసే కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు, నెలరోజులుగా ఇంట్లో ఇదే గొడవ. "రెండేళ్ళు సినిమాలు చూసినోడికి యూనివర్సిటీలో సీటు ఎవరిస్తారు, లేకపోతే మేమే పాతకాలం మనుషుల్లా ఆలోచిస్తున్నామా" అని అడిగారు. పైన కామెంట్లలో ఒకరు ఇది మిక్కీ మౌస్ సబ్జెక్టు, అంటే విలువలేని తేలిక సబ్జెక్టు అనేశారు, ఇంకొకరేమో ఏ స్టార్ (A*, అన్నిటికన్నా పై గ్రేడు) ఊరికే వచ్చేస్తుంది కళ్ళుమూసుకుని తీసుకోమన్నారు. ఇద్దరూ ఆ క్వశ్చన్ పేపర్ ఎప్పుడూ చూళ్ళేదని తెలుస్తూనే ఉంది.

నేను ఇంగ్లండులో ఒక సిక్స్త్ ఫారం కాలేజీలో ఈ సబ్జెక్టే చెప్తానండీ, పన్నెండేళ్ళు దాటింది. మాది తెనాలి. ఇండియా నుంచి చదివేవాళ్ళకి ఒక మాట, సిక్స్త్ ఫారం అంటే ఆరో తరగతి కాదు, మన ఇంటర్ అనుకోండి, 16 నుంచి 18 ఏళ్ళ పిల్లలు, మామూలుగా మూడు సబ్జెక్టులు, రెండేళ్ళు, ఆ కోర్సులనే ఏ లెవెల్స్ అంటారు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అమ్మ పక్కింటావిడతో "మా అమ్మాయి ఆరో క్లాసు పిల్లలకి సినిమాలు వేసి చూపిస్తుంది" అని చెప్పింది, ఆవిడ నన్ను చాలా రోజులు జాలిగా చూసేది. మా తాతయ్య ఒక్కడికే కరెక్టుగా అర్థమైంది, ఎందుకంటే మద్రాసు రాష్ట్రం రోజుల్లో ఆయన చదివిన ఎస్సెస్సెల్సీని కూడా సిక్స్త్ ఫారం అనేవాళ్ళు.

సరే విషయానికొస్తా. ఇది సినిమాలు చూసే సబ్జెక్టు కాదు, రాసే సబ్జెక్టు. మీ ఇంట్లో గొడవంతా ఈ ఒక్క చోటే తేలుతుంది. మీ వాడికి ఇంగ్లీషు లిటరేచర్ లాంటి వ్యాసాలు రాయడం ఇష్టమేనా, లేక జీసీఎస్‌ఈ (ఇయర్ 11 చివర రాసే పరీక్షలు)తో అది వదిలిపోతుందని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడా, అది అడగండి ముందు. ప్రతి ఏడూ సెప్టెంబరులో క్లాసు నిండా పిల్లలు కూర్చుంటారు, ఒక్కొక్కడికీ మార్వెల్ సినిమాలు వరసగా నోటికొచ్చు, అక్టోబరు సెలవులు అయ్యేసరికి ముగ్గురో నలుగురో మెల్లగా సబ్జెక్టు మార్చుకుంటారు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు, రోజూ రాయించడం మొదలుపెడతాం కదా, దానికి.

ఇంగ్లండులో చాలా కాలేజీలు ఎడ్యుకస్ అనే బోర్డు సిలబస్ చెప్తాయి, ఓసీఆర్ బోర్డుది కూడా ఉంది. నేను చెప్పేది ఎడ్యుకస్‌దే, 2017లో మొదలైన సిలబస్. అందులో 11 పూర్తి నిడివి సినిమాలు ఉంటాయి, షార్ట్ ఫిల్ములు విడిగా. రెండు పేపర్లు, ఒక్కోటి రెండున్నర గంటలు, ఒక్కోదానికి 35 శాతం. మిగతా 30 శాతం పిల్లలు సొంతగా చేసే ప్రొడక్షన్. మొదటి పేపర్లో పాత హాలీవుడ్ (1930 నుంచి 1990 దాకా, రెండు సినిమాలు పోల్చి రాయాలి), 2005 తర్వాతి అమెరికన్ సినిమా, 1995 తర్వాతి బ్రిటిష్ సినిమా. రెండో పేపర్లో ప్రపంచ సినిమా అంటే యూరప్ నుంచి ఒకటి యూరప్ బయట నుంచి ఒకటి, తర్వాత డాక్యుమెంటరీ, మూకీ సినిమా, ప్రయోగాత్మక సినిమా. సినిమాల లిస్టు అప్పుడప్పుడు మారుస్తుంటారు, కాలేజీలు కూడా అందులోంచి తమకి నచ్చినవి ఏరుకుంటాయి, కాబట్టి మీవాడి బ్యాచ్‌కి ఏవో ఆ కాలేజీనే అడగండి.

పరీక్ష హాల్లో సినిమా ఉండదు, నోట్స్ ఉండవు, స్క్రీన్ షాట్లు ఉండవు. ఒక సీనులో కెమెరా ఎక్కడుంది, ఏ షాట్ తర్వాత ఏ షాట్ వచ్చింది, వెనకాల ఏ శబ్దం ఉంది, మనిషి మీద వెలుగు ఎటునుంచి పడింది, ఇదంతా గుర్తుపెట్టుకుని రాయాలి, రాసి ఊరుకోకుండా దానివల్ల చూసేవాడి మనసులో ఏం జరుగుతోందో, ఎవరి పక్షాన నిలబడుతున్నాడో వాదించాలి. అలా 11 సినిమాల్లో ఒక్కో సినిమాకి కనీసం మూడు నాలుగు సీన్లు. పిల్లలు మొదట్లో చేసే తప్పు ఒకటే, కథ చెప్పేస్తారు. "అప్పుడు హీరో వచ్చి, తర్వాత విలన్ వచ్చి" అని మూడు పేజీలు. నేను పక్కన ఎర్ర ఇంకుతో "అయితే ఏంటి?" అని రాస్తుంటా, ఒక్కోసారి ఒకే పేపరు మీద పది సార్లు.

సందర్భం అనేది ఇంకో పెద్ద ముక్క, అంటే ఆ సినిమా ఎప్పుడు ఎవరు ఏ పరిస్థితుల్లో తీశారన్నది. 1942లో వార్నర్ బ్రదర్స్ తీసిన కాసాబ్లాంకా చెప్తామనుకోండి, చివర్లో హీరోయిన్ ప్రేమించినవాణ్ణి వదిలేసి మొగుడితో విమానం ఎక్కెళ్ళిపోతుంది. ఎందుకూ అంటే పిల్లలు "త్యాగం మిస్" అంటారు. త్యాగం సరే, 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అని, హాలీవుడ్ సినిమాల్లో ఏం చూపించొచ్చో చెప్పే నియమాలు ఉన్నాయి, పెళ్ళైన ఆవిడ ప్రియుడితో వెళ్ళిపోయి హాయిగా ఉన్నట్టు చూపిస్తే స్టూడియోకి దాని దగ్గర ఇబ్బందే. పైగా 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ తర్వాత అమెరికా యుద్ధంలోకి దిగింది, సొంత సుఖం పక్కన పెట్టి దేశం పని చూసుకునే హీరో అప్పుడు అవసరం. దాని పక్కన 1967 నాటి బానీ అండ్ క్లైడ్ పెట్టండి, విడుదల చేసింది మళ్ళీ వార్నర్ బ్రదర్సే, కానీ హీరో హీరోయిన్లు బ్యాంకు దొంగలు, చివర తూటాలు తగిలి స్లో మోషన్‌లో పడిపోతుంటే మనం చూపు తిప్పుకోలేం, ఆ మరుసటేడే పాత కోడ్ తీసేసి రేటింగులు పెట్టారు. ఈ పాతికేళ్ళలో స్టూడియోకి ఏమైంది, జనానికి ఏమైంది అన్నదే వ్యాసం. స్టూడియో సిస్టం అంటే ఏంటో ఇక్కడి పిల్లలకి బొమ్మలు గీసి చెప్పాలి, మన ఇళ్ళల్లో పిల్లలకైతే విజయా వాహినీ కథ చెప్తే చాలు, ఫ్లోర్లు వాళ్ళవే, టెక్నీషియన్లు వాళ్ళ మనుషులే, ఎన్టీఆర్ కూడా మొదట్లో విజయావాళ్ళ దగ్గర నెలజీతం కాంట్రాక్టు మీద చేసినవారే.

ఆ మాటకొస్తే తెలుగు సినిమా చూస్తూ పెరగడం ఇందులో పనికొస్తుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. పనికొస్తుంది, అడ్డం కూడా వస్తుంది. యాక్టింగుని విడిగా ఎలా విశ్లేషించాలో చెప్పడానికి ఒకసారి మాయాబజార్‌లో "అహ నా పెళ్ళంట" పాట వేశా, సబ్‌టైటిల్స్ కూడా లేకుండా. అందులో ఉన్నది శశిరేఖ కాదు కదా, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఒక్క ముక్క తెలుగు రాని పిల్లలు నిమిషం తిరక్కుండా "ఆ అమ్మాయి లోపల ఎవడో మగాడున్నాడు మిస్" అన్నారు! ఎలా తెలిసింది చెప్పండి అంటే భుజాలు, నడక, నవ్వు అని ఒక్కొక్కరూ అందుకున్నారు, సుశీల గొంతు మధ్యలోంచి ఘంటసాల గొంతు దూరగానే సౌండ్ గురించి కూడా మొదలెట్టారు. సావిత్రి నటన గురించి నేను ఒక్క మాట చెప్పాల్సిన పని లేకపోయింది. సరిగ్గా ఈ పనే వాళ్ళు పరీక్షలో చెయ్యాల్సింది, కళ్ళకి కనపడ్డదాన్ని పట్టుకుని అర్థం దాకా నడవడం.

యూరప్ బయటి సినిమాల లిస్టులో 2017 సిలబస్ మణిరత్నం దిల్ సే పెట్టింది, మన దగ్గర ప్రేమతో అని డబ్బింగ్ అయి వచ్చిందే, నిర్మాతల్లో మన రాంగోపాల్ వర్మ కూడా ఉన్నారు. మా కాలేజీలో కొన్నేళ్ళు అది చెప్పాం. ఇక్కడి పిల్లలకి కథ మధ్యలో పాట ఎందుకు వచ్చిందో అర్థం కాదు, కథ ఆగిపోయింది అంటారు. మన పిల్లలకి ఆ అనుమానమే రాదు, రైలు మీద పాట మొదలవ్వగానే తలాడించేస్తారు, కానీ ఎందుకు వచ్చిందో చెప్పమంటే వీళ్ళూ నోరు తెరవరు. అలవాటైపోయిన దాన్ని ప్రశ్నించడం మహా కష్టం. హీరో ఆలిండియా రేడియో ఉద్యోగి, స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్ళయిందని జనాల మాటలు రికార్డు చేస్తూ తిరుగుతుంటాడు, దేశం గురించి జనం మైకులో చెప్పేది ఒకటి, హీరో పాటల్లో కలగనేది ఇంకొకటి, హీరో ప్రేమించే అమ్మాయి మోస్తున్నది వేరొకటి. ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా కోసుకుంటున్నాయో రాసిన పిల్లకి పై గ్రేడు వచ్చింది. షారుఖ్ ఖాన్ ఎంత గొప్పవాడో మూడు పేజీలు రాసిన పిల్లాడికి రాలేదు, వాడు తెలుగువాడే, వాళ్ళమ్మగారు నాకు ఇప్పటికీ దీపావళికి మెసేజ్ పెడుతుంది కాబట్టి కోపం లేదనే అనుకుంటున్నా.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు గానీ తల్లిదండ్రులు తెలుసుకోవాలి. లిస్టులో కొన్ని సినిమాలు ఇంట్లో అందరూ కలిసి కూర్చుని చూసేవి కావు. ట్రెయిన్‌స్పాటింగ్ అని ఒకటుంటుంది బ్రిటిష్ సెక్షన్‌లో, హెరాయిన్‌కి అలవాటు పడ్డ కుర్రాళ్ళ కథ, 18 సర్టిఫికెట్. అన్ని కాలేజీలూ అది ఎంచుకోవు, మా దగ్గరైతే అలాంటివి చెప్పేముందు ఇంటికి లెటర్ పంపిస్తాం. ఒకాయన ఫోన్ చేసి "మేడం మీరు మా అమ్మాయికి ఇది చూపిస్తారా" అని చాలా మర్యాదగా అడిగారు, ఆ అమ్మాయి అప్పటికే రెండుసార్లు చూసేసిందని నేను ఆయనకి చెప్పలేదు. మీకు ఇబ్బంది అనిపిస్తే ఓపెన్ ఈవెనింగ్‌లోనే (కాలేజీ చూడ్డానికి రమ్మని పిలిచే సాయంత్రం) ఏ సినిమాలు చెప్తున్నారో అడిగేయండి, తప్పేం లేదు, టీచర్లు ఏమీ అనుకోరు.

ఇక 30 శాతం ప్రొడక్షన్. నాలుగైదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తియ్యాలి, లేదా 1600 నుంచి 1800 పదాల స్క్రీన్‌ప్లే రాసి అందులో ఒక ముఖ్యమైన భాగానికి ఫోటోలతో స్టోరీబోర్డు చెయ్యాలి. ఏది చేసినా దాంతోపాటు మళ్ళీ 1600 నుంచి 1800 పదాల విశ్లేషణ, సిలబస్‌లో ఉన్న షార్ట్ ఫిల్ములతో పోలుస్తూ. చూశారా, ఇక్కడ కూడా రాత తప్పలేదు. ఎవరి సినిమా వాళ్ళదే, గ్రూపుగా చేసి అందరూ పంచుకోవడం కుదరదు, స్నేహితుల చేత యాక్ట్ చేయించుకోవచ్చు, మైకు పట్టించుకోవచ్చు, మార్కులు మాత్రం ఆ ఒక్కడి పనికే.

దీని కోసం దయచేసి వెయ్యి పౌండ్లు పోసి కెమెరా కొనకండి. మన తల్లిదండ్రులు ఫీజు కట్టడం ఎలాగో అలాగే కెమెరా కొనడం కూడా ఒక బాధ్యత అనుకుంటారు. ఫోను చాలు, ఎడిటింగుకి డావించి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, డబ్బులు పెట్టాలనుకుంటే ఒక మంచి మైకు కొనండి, ఎందుకంటే పిల్లల సినిమాల్లో బొమ్మ ఎలాగో బాగానే ఉంటుంది, మాటలే గాలిలో కొట్టుకుపోతాయి. ఇంకోటి, కథ చిన్నది అనుకోమనండి. మగపిల్లలు ప్రతి ఏడూ గ్యాంగ్‌స్టర్ సినిమా తీస్తారు, కార్ పార్కులో, హుడీలు వేసుకుని, బొమ్మ తుపాకీతో, నేను ఇప్పటికి అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. నాకు గుర్తుండిపోయింది ఒక అమ్మాయిది. సెట్టు వాళ్ళమ్మ వంటిల్లు. ఆవిడ నైట్ డ్యూటీ నర్సు, పొద్దున ఇంటికొచ్చి కుక్కర్ పెట్టి కుర్చీలోనే నిద్రపోతుంది, కూతురు స్కూలుకి తయారవుతూ మూడో విజిల్ కోసం చూస్తుంటుంది, మనకి తెలుసు కదా మూడు రాగానే కట్టేయాలని. డైలాగులు దాదాపు లేవు. మొదటి విజిల్‌కి అమ్మ మొహం క్లోజప్, రెండో విజిల్ శబ్దం వస్తుండగానే హాస్పిటల్ కారిడార్‌కి కట్, మూడో విజిల్ అసలు వినపడదు, కూతురు ముందే వెళ్ళి స్టవ్ కట్టేస్తుంది, అమ్మ నిద్ర చెడకూడదని. నాలుగు నిమిషాల పది సెకన్లు. క్లాసులో సగంమందికి కుక్కర్ విజిల్ అంటే ఏంటో తెలీదు, అయినా ఆ చివరి కట్ దగ్గర ఎవరూ కదల్లేదు.

యూనివర్సిటీ సంగతి. యూకాస్ అంటే ఇక్కడ యూనివర్సిటీ అప్లికేషన్లు చూసే సంస్థ, వాళ్ళ పాయింట్ల లెక్కలో ఫిల్మ్ స్టడీస్ 'ఏ' (A) గ్రేడుకీ ఫిజిక్స్ 'ఏ' గ్రేడుకీ తేడా లేదు, రెండూ 48. ఒకప్పుడు రస్సెల్ గ్రూప్ అనే పేరున్న పెద్ద యూనివర్సిటీల జట్టు ఫెసిలిటేటింగ్ సబ్జెక్టులని, అంటే ఎక్కువ డిగ్రీలకి దారి తెరిచేవని, ఒక లిస్టు పెట్టేది, ఇది అందులో ఉండేది కాదు, 2019లో ఆ లిస్టే తీసేశారు, మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అది ఇంకా తిరుగుతూనే ఉంది. అలాగని అన్ని చోట్లా అన్నీ సమానమని నేను అనను. మీవాడు ఏ డిగ్రీ చదవాలనుకుంటున్నాడో దాన్ని బట్టి ఉంటుంది. డాక్టర్ అంటే కెమిస్ట్రీ, బయాలజీ లేకుండా చాలా తలుపులు మూసుకుపోతాయి, ఇంజినీరింగ్ అంటే మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి, మూడోది ఫిల్మ్ అయినా నడుస్తుంది. మీరు చెప్పిన మ్యాథ్స్, ఎకనామిక్స్, ఫిల్మ్ కాంబినేషన్‌తో ఎకనామిక్స్, బిజినెస్, అకౌంటింగ్, లా ఏదైనా వెళ్ళొచ్చు. కాకపోతే ఎకనామిక్స్‌లో మరీ పైవరస చోట్లు అనుకుంటే అక్కడికి ఫర్దర్ మ్యాథ్స్ (మ్యాథ్స్ పైన ఇంకో మ్యాథ్స్ ఏ లెవెల్)తో వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళతో పోటీ పడాలి, ఆ సంగతి ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఆ డిగ్రీ పేజీల్లో ఎంట్రీ రిక్వైర్‌మెంట్స్ మీరూ వాడూ కలిసి చదవండి, ఐదారు చోట్లవి చాలు, మా అందరి అభిప్రాయాల కన్నా అది నయం. ఇండియా వెళ్ళి ఇంజినీరింగ్ చేద్దామన్న ఆలోచన ఏ మూలన్నా ఉంటే మాత్రం అక్కడ ఎంపీసీనే అడుగుతారు, ఫిల్మ్ అక్కడ పనికి రాదు.

ఉద్యోగం గురించి ఒక్క ముక్కే చెప్తా. ఈ ఏ లెవెల్ చేసినంత మాత్రాన పైన్‌వుడ్, లీవ్స్‌డెన్ లాంటి ఇక్కడి పెద్ద సినిమా స్టూడియోల్లో ఎవరూ పిలిచి కూర్చోబెట్టరు. ఆ రంగంలో చాలా పని ఫ్రీలాన్స్, ఒక ప్రాజెక్టు తర్వాత ఇంకోటి వెతుక్కోవాలి, 2025 ఫిబ్రవరిలో టెక్నీకలర్ వాళ్ళ యూకే వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) స్టూడియోలు మూతపడితే పెద్దపెద్ద సినిమాలకి పనిచేసినవాళ్ళు కూడా రోడ్డున పడ్డారు. కెమెరా పట్టుకోవడమే వాడి కోరికైతే నిజానికి ఇది సరైన కోర్సే కాదు, క్రియేటివ్ మీడియా ప్రాక్టికల్ కోర్సులు వేరే ఉంటాయి, లేదా బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బీఎఫ్ఐ ఫిల్మ్ అకాడమీ అని 16 దాటిన పిల్లలకి షార్ట్ కోర్సులు నడుపుతారు, సబ్జెక్టు ఏం తీసుకున్నా అందులో చేరొచ్చు. మీడియా స్టడీస్‌తో కూడా కలిపెయ్యకండి, అది పేపర్లు, యాడ్లు, టీవీ, గేములు అన్నీ కలిపి చెప్పేది. ఇంట్లో అసలు ఒప్పుకోకపోతే మధ్యే మార్గం ఒకటుంది, మూడోది మీకు నచ్చింది తీసుకుని ఈపీక్యూ (సొంతంగా టాపిక్ ఎంచుకుని చేసే ప్రాజెక్టు) మాత్రం సినిమా మీద చెయ్యమనండి, అది సగం ఏ లెవెల్‌తో సమానం, ఐదువేల పదాల వ్యాసం రాసుకోవచ్చు, అక్కడ తెలుగు సినిమా మీద కూడా రాయొచ్చు.

ఇంతకీ తీసుకోవాలా వద్దా అనేది నేను చెప్పను, మీరూ చెప్పకండి, వాడి చేతే తేల్పించండి. ఈ శనివారం వాడికి బాగా ఇష్టమైన సినిమాలోంచి రెండు నిమిషాల సీను ఒకటి ఎంచుకోమనండి. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి, మూడోసారి బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వింటూ, నాలుగోసారి ఎన్ని షాట్లున్నాయో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ చూడమనండి. తర్వాత ఒక పేజీ, కథ ఒక్క వాక్యం కూడా చెప్పకుండా, ఆ సీను తన మీద ఎలా పనిచేసిందో రాయమనండి. రెండోసారికే విసుగొచ్చి ఫోన్ తీస్తే మీకు జవాబు దొరికినట్టే. నాలుగోసారి చూస్తూ "నాన్నా ఇది చూడు, ఇక్కడ కట్ ఎందుకు చేశాడో" అని మిమ్మల్ని పిలిచాడా, అది కూడా జవాబే. రాసిన పేజీ కావాలంటే పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, సోమవారం సాయంత్రం నాకు కాస్త తీరిక, ఎర్ర ఇంకుతోనే దిద్దుతా, ముందే చెప్తున్నా.